పిండశాస్త్రజ్ఞుడు హాన్స్ స్పేమన్ (1869–1941)

కోడిగ్రుడ్డును పగులగొట్టి చూచినచో దానియందు ముక్కుగాని, రెక్కగాని, కన్నుగాని కానరాదు. అదే గ్రుడ్డును తల్లికోడి ఇరువదియొక్క దినములు పొదిగినయెడల, పిల్ల పెంకును ముక్కుతో పొడుచుకొని వెలుపలికి వచ్చును. లోపల లేని కన్ను ఎచ్చటనుండి వచ్చినది? రెక్క కావలసిన భాగము రెక్కయే యగునట్లును, కాలు కావలసిన భాగము కాలే యగునట్లును ఏర్పాటు చేసిన దెవరు? ఈ ప్రశ్నను పల్లెటూరి బాలుడైనను అడుగగలడు. కాని దీనికి సమాధానము వెదకుటలో పండితులు రెండువేల యేండ్లకు పైగా తడుముకొనిరి. గ్రీసు దేశపు అరిస్టాటిల్ మహాశయుడు సైతము పొదుగుచున్న గ్రుడ్లను పగులగొట్టి, లోపలి మార్పులను గమనించి వ్రాసియుంచెను.

మన శరీరమును ఆదియందు ఒకే యొక జీవకణము. ఆ కణము రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదియై, కోటానుకోట్లుగా పెరుగును. పెరుగుటతోపాటు వానిలో భేదములు పుట్టును. చర్మకణము వేరు, నాడీకణము వేరు, నెత్తురులోని కణము వేరు. ఒకదాని పని మరియొకటి చేయజాలదు. ఇంకను ఏ పనికిని నిర్ణయింపబడక, ఎటు మలచిన నటు మలగుటకు సిద్ధముగా నుండు కణములను మూలకణము లందురు. ఆంగ్లపు మాటలో అవి స్టెమ్ సెల్సు. నేడు శాస్త్రజ్ఞులు వీనిని గాజుపళ్ళెములలో పెంచి, హృదయకణములుగను, నాడీకణములుగను, ఇన్సులిన్ స్రవించు కణములుగను మార్చుచున్నారు. పత్రికలలో ఈ వార్తలు చదివినవారు కొందరు దీని నొక ఇంద్రజాలముగా భావింతురు. ఇంద్రజాల మేమియు లేదు. కణమునకు దాని ఇరుగుపొరుగు ఏమి చెప్పునో తెలిసికొని, ఆ మాటనే మనుష్యుడు పళ్ళెములో చెప్పుచున్నాడు. కణములు ఒకదాని కొకటి ఇట్లు చెప్పుకొను ననుటకు రూఢియైన సాక్ష్యమును లోకమునకు చూపినవారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశస్థుడగు హాన్స్ స్పేమన్. ఆయన జీవితమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ సంచికయందు పరిచయము చేయ దలచితిమి.

స్పేమన్ 1869 జూన్ 27వ తేదీన స్టుట్‌గార్ట్ నగరమున జన్మించెను. తండ్రి విల్‌హెల్మ్ స్పేమన్ పుస్తక ప్రచురణకర్త. నలుగురు బిడ్డలలో హాన్స్ పెద్దవాడు. ఇల్లంతయు పుస్తకములతో నిండియుండుటచే బాల్యమునుండియు సాహిత్యమున ఆసక్తి కుదిరెను. పాఠశాలలో ఆయనకు ప్రియమైనవి ప్రాచీన భాషలు. ప్రాణిశాస్త్రమును చేపట్టునని అప్పు డెవరును అనుకొని యుండరు. 1888లో చదువు ముగించి, ఒక సంవత్సరము తండ్రి వ్యాపారములో పనిచేసెను. పిదప కాసెల్‌లో అశ్వికదళమునందు సైనికవిధిని నిర్వర్తించెను. కొంతకాలము హాంబుర్గ్‌లో పుస్తకముల వ్యాపారమునం దుండెను. 1891లో మాత్రమే, అనగా ఇరువదిరెండవ యేట, హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను. పరీక్ష తప్పినంతమాత్రముననో, రెండేండ్లు ఆలస్యమైనంతమాత్రముననో పిల్లవాని చదువు చెడిపోయినదని దుఃఖించు తల్లిదండ్రులు ఈ తేదీలను మరియొకమారు చదువవలెనని మా కోరిక.

వైద్యునిగా రోగులకు చికిత్స చేయుటకంటె ప్రాణి ఎట్లు రూపొందునో తెలిసికొనుటయం దాయన మనస్సు లగ్నమయ్యెను. మ్యూనిక్ నగరమున కొంతకాల ముండి, వుర్జ్‌బర్గ్ చేరి, థియోడోర్ బొవేరి అను ప్రసిద్ధ ప్రాణిశాస్త్రజ్ఞుని శిష్యుడయ్యెను. అచ్చటనే వృక్షశాస్త్రమును జూలియస్ సాక్స్ వద్దను, భౌతికశాస్త్రమును రాంట్‌జన్ వద్దను అభ్యసించెను. ఎక్స్ కిరణములను కనుగొన్న రాంట్‌జన్ ఈయనయే. 1895లో స్పేమన్ డాక్టరు పట్టమును పొందెను. ఆ సంవత్సరమే క్లారా బిండర్ అను కన్యను వివాహమాడెను.

మరుసటి చలికాలమున ఆయనకు క్షయ సోకెను. ఆనాడు ఆ వ్యాధికి మందు లేదు. మంచిగాలి, విశ్రాంతి, మంచి ఆహారము, ఇవే చికిత్స. శానిటోరియములో పడకపై నుండి ఆయన ఒక గ్రంథమును చదివెను. అది ఆగస్టు వైజ్‌మన్ పండితుడు వంశానుగత లక్షణములనుగూర్చి వ్రాసిన పుస్తకము. ఆయన తరువాతి పని యంతయు ఈ చదువునుండియే మొలచినది.

వైజ్‌మన్ వాదమును మన ఇండ్లలోని భూముల పంపకముతో పోల్చి చెప్పుదుము. తాతకు నూరెకరము లుండెను. కుమారులు పంచుకొనిరి, మనుమలు మరల పంచుకొనిరి. చివరకు ఒక్కొక్కనికి ఒక మడి మాత్రమే మిగిలెను. గ్రుడ్డునందలి వంశలక్షణముల రాశియు ఇట్లే కణవిభజనలో పంపకమగుననియు, చర్మమునకు పోవు కణమునకు చర్మపు వంతు మాత్రమే, నరమునకు పోవు కణమునకు నరపు వంతు మాత్రమే దక్కుననియు వైజ్‌మన్ తలంచెను. దీనిని బలపరచునట్లు 1888లో విల్‌హెల్మ్ రూ అను పండితుడు రెండు కణముల దశలో నున్న కప్పపిండమున ఒక కణమును కాలిన సూదితో చంపగా, మిగిలిన కణమునుండి సగము పిండమే పెరిగెను. కాని 1891లో హాన్స్ డ్రీష్ అను మరియొకడు, సీ అర్చిన్ అను ముండ్ల సముద్రజీవి యొక్క పిండకణములను రెండింటిని కుదిపి విడదీయగా, ఒక్కొక్కటి పూర్తి జీవిగా పెరిగెను. ఒకరి ప్రయోగ మొకరి ప్రయోగమునకు విరుద్ధము. పంపకము జరుగుచున్నదా, లేక ప్రతి కణమునకును ఆస్తిపత్రము పూర్తి నకలు ముట్టుచున్నదా?

వ్యాధినుండి కోలుకొన్న స్పేమన్ ఈ వివాదమును తీర్చుటకు న్యూట్ అను ప్రాణిని ఎన్నుకొనెను. చూచుటకు బల్లివలె నుండి నీట గ్రుడ్లు పెట్టు ఈ జీవి, కప్పలకు బంధువు. దాని గ్రుడ్డు ఆవగింజను కొంచెము మించి యుండును. అంతటి గ్రుడ్డును కణములు చెడకుండ రెండుగా కట్టివేయవలెనన్న, ఏ దారము పనికివచ్చును? స్పేమన్ తన పసిబిడ్డ తలవెంట్రుకను తీసికొని ఉచ్చుగా ముడివేసెను. పసివాని వెంట్రుకకంటె మెత్తనిదియు సన్ననిదియు దొరకదు. సూదులు కూడ ఆయన స్వహస్తములతో చేసికొన్నవే. గాజుకడ్డీని మంటపై కాల్చి, లాగి, కంటికి కానరానంత సన్నని మొనగా మలచుకొనెడివాడు. సూక్ష్మదర్శిని క్రింద ఆ గాజుసూదితోను, వెంట్రుక ఉచ్చుతోను ఆయన చేసిన శస్త్రచికిత్సల వంటివి అంతకుముందు ఎవరును చేసి యుండలేదు. గొప్ప యంత్రములు లేనిదే గొప్ప శాస్త్రము లేదనువారికి ఇది తెలియవలసిన విషయము.

ఉచ్చును పూర్తిగ బిగించినచో ఒక గ్రుడ్డునుండి రెండు సంపూర్ణమైన న్యూట్ పిల్లలు పుట్టెను. సగమే బిగించినచో రెండు తలలు, ఒకే మొండెము గల పిల్ల పుట్టెను. ఇంకొక ప్రయోగము మరింత యుక్తిగలది. ఫలదీకరణము కాగానే ఉచ్చును బిగించి, కేంద్రకము ఒక ప్రక్కనే యుండునట్లు చేసెను. కేంద్రకము గల సగము విభజన పొందుచు పదునారు కణములయ్యెను. రెండవ సగము కదలక మెదలక యుండెను. అప్పుడు ఉచ్చును కొంచెము వదులు చేయగా, పదునారింటిలో నొక కేంద్రకము ఆ సందునుండి రెండవ సగమునకు జారెను. వెంటనే దానిని మరల బిగించెను. ఆ ఆలస్యమైన సగమును చక్కగా పెరిగి సంపూర్ణ జీవియయ్యెను. పదునారవ వంతుగా వచ్చిన కేంద్రకమునందును ఆస్తి మొత్త మున్నదని తేలెను. పంపకవాదము కూలెను.

ఐనను ఒక చిక్కు మిగిలెను. గ్రుడ్డును కట్టునపుడు ఉచ్చు ఒక దిక్కుగా పడినచో రెండు పిల్లలు వచ్చుచుండెను. మరియొక దిక్కుగా పడి వీపు వైపును ఉదరము వైపును వేరు చేసినచో, వీపు వైపు సగము మాత్రమే పిల్లయగుచుండెను. ఉదరపు వైపు సగము కేవలము కడుపు కణముల ముద్దగా మిగులుచుండెను. దానియందును కేంద్రకము లున్నవి, ఆస్తిపత్రము లున్నవి, కాని వెన్ను లేదు, మెదడు లేదు. వీపు వైపున ఏదియో విశేష మున్నదని స్పేమన్ గ్రహించెను. అది ఏమో తెలియుటకు మరి ఇరువది యేండ్లు పట్టెను.

ఈ నడుమ ఆయన కంటినిగూర్చిన ప్రయోగములు చేసెను. పిండమునందు మెదడునుండి ఒక గిన్నెవంటి భాగము ముందుకు పొడుచుకొని వచ్చి చర్మమును తాకును. తాకినచోట చర్మము మడతపడి, నిర్మలమై, కంటి కటకముగా మారును. 1901లో స్పేమన్ కప్పపిండమున ఆ గిన్నెను కాలిన సూదితో నాశము చేసి చూచెను. కటకము పుట్టలేదు. అనగా చర్మకణములు తమంతట తాము కటకము కాలేదు. పొరుగున నున్న గిన్నె స్పర్శవలన కటకమైనవి. ఇది చక్కని సిద్ధాంతము. మరియొక జాతి కప్పలో పరీక్షింపగా, అందు గిన్నె లేకున్నను కటకము ఏర్పడెను! తన చక్కని సిద్ధాంతమునకు ప్రతికూలమైన ఈ ఫలితమును స్పేమన్ దాచక ప్రకటించెను. మా దృష్టిలో ఆయనకు తరువాత వచ్చిన బహుమానముకంటె ఇది తక్కువ గౌరవము కాదు.

1908లో ఆయన రోస్టాక్‌లో ఆచార్యుడయ్యెను. 1914లో బెర్లిన్ సమీపమున డాలెమ్‌లోని కైజర్ విల్‌హెల్మ్ జీవశాస్త్ర సంస్థకు ఉపనిర్దేశకుడుగా వెళ్ళెను. మొదటి ప్రపంచయుద్ధము సాగుచున్న ఆ సంవత్సరములలోనే ఆయన పిండములనడుమ భాగముల మార్పిడిని ఆరంభించెను. ఒక పిండమున రేపు చర్మము కావలసిన ముక్కను తీసి, మరియొక పిండమున మెదడు కావలసినచోట నాటెను. మెదడు కావలసిన ముక్కను చర్మము కావలసినచోట నాటెను. పిండము చిన్నదిగా నున్నప్పుడు ఈ మార్పిడి చేసినచో, ముక్క తన పుట్టుకను మరచి క్రొత్త చోటి ననుసరించెను. చర్మము కావలసినది మెదడై కూర్చుండెను. అదే మార్పిడి కొన్ని గంటలు ఆలస్యముగా చేసినచో, ముక్క క్రొత్త చోటును లెక్కసేయక పుట్టిన చోటి ననుసరించెను. తల వెలుపల చర్మమునడుమ మెదడు ముక్క పెరిగెను. పుట్టిన చోటా, పెరిగిన చోటా, ఏది బలవత్తరము అను ప్రశ్నకు సమాధానము కాలమును బట్టి యుండెనన్న మాట. పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో పెద్దలు పిల్లలనుగూర్చి ఈ ప్రశ్ననే వేసికొనుచుందురు. కాని న్యూట్ పిండమును చూచి మనుష్యుల సంగతి తీర్మానించుట శాస్త్రము కాదు గనుక, కథలో ముందుకు సాగుదము.

ఒక్క భాగము మాత్రము ఈ నియమమునకు లొంగలేదు. పిండము బంతివలె నుండు దశలో దాని ప్రక్కన ఒక చిన్న రంధ్ర మేర్పడి, దానిద్వారా వెలుపలి కణములు లోపలికి దొరలుకొని పోవును. ఆ రంధ్రమునకు పై పెదవియగు భాగము ఎంత చిన్న వయస్సున తీసి ఎచ్చట నాటినను తన స్వభావమును విడువక పోయెను. ఇదియే వీపు వైపున నున్న భాగము. ఉదరపు సగమునకు కొరవడినది ఇదియే కావచ్చునా?

1919లో స్పేమన్ ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠము నలంకరించెను. మరుసటి సంవత్సరమున హిల్డె ప్రోషోల్ట్ అను విద్యార్థిని ఆయన ప్రయోగశాలలో చేరెను. ఆమె 1898 అక్టోబరు 20వ తేదీన గోథా పట్టణమున జన్మించెను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకొనునపుడు స్పేమన్ ఉపన్యాసమును విని ఆకర్షింపబడి ఫ్రైబుర్గ్ వచ్చెను. గురువు ఆమెకు తొలుత ఇచ్చిన పని హైడ్రా అను నీటిజీవిని మేజోడును త్రిప్పినట్లు లోపలిది వెలుపలికి త్రిప్పుట. పదునెనిమిదవ శతాబ్దమున ట్రెంబ్లే అను నాతడు ఈ ప్రయోగమును చేసియుండెను. ఆమె చేతిలో అది కుదురలేదు. స్పేమన్ పట్టుపట్టక, ఆ పై పెదవి సంగతిని తేల్చు పనిని ఆమె కప్పగించెను. 

ఈ ప్రయోగమునందలి యుక్తి రంగులలో నున్నది. న్యూట్‌లలో ఒక జాతి పిండము తెల్లగా నుండును, మరియొక జాతి పిండము గోధుమవన్నె గలది. తెల్లని పిండమునుండి పై పెదవిని తీసి, గోధుమవన్నె పిండపు ఉదరభాగమున నాటవలెను. రంగును బట్టి, తరువాత ఏ కణము నాటిన దానిది, ఏ కణము ఆతిథ్య మిచ్చిన దానిదియో తెలిసిపోవును. చెప్పుటకు సుళువే. న్యూట్‌లు గ్రుడ్లు పెట్టునది వసంత ఋతువునందే గనుక, ఏడాదికి కొన్ని వారములే పనికి వీలగును. ఆనాడు సూక్ష్మజీవులను చంపు ఔషధములు లేవు. శస్త్రచికిత్స అయిన పిండములలో అధికభాగము కొలది దినములలో కుళ్ళి చచ్చెడివి. 1921, 1922 వసంతములలో హిల్డె వందలకొలది పిండములకు చికిత్స చేసెను. ప్రకటించుటకు తగినట్లు నిలిచినవి ఆరు మాత్రమే.

ఆ ఆరును చాలెను. నాటిన పిండపు కడుపుపై రెండవ పిండము పెరుగుచుండెను. దానికి వెన్ను గలదు, నాడీనాళము గలదు, కండరముల వరుసలు గలవు. ముక్కలుగా కోసి సూక్ష్మదర్శిని క్రింద చూడగా, వెన్నుదండు చాలవరకు తెల్లని కణములతో ఏర్పడియుండెను. కాని నాడీనాళము అధికభాగము గోధుమవన్నె కణములతో ఏర్పడియుండెను. అవి రేపు కడుపు చర్మము కావలసిన కణములు! నాటిన తెల్లని ముక్క తాను వెన్నగుటయే గాక, చుట్టునున్న పరాయి కణములను మెదడు, నాడులు, కండరములుగా మలచి ఒక వరుసలో నిలిపినది. ఈ భాగమునకు స్పేమన్ ఆర్గనైజర్ అని పేరిడెను. మనము దానిని వ్యవస్థాపకము అనవచ్చును.

1923లో హిల్డె డాక్టరు పట్టమును పొందెను. అంతకు ముందే, 1921లో, స్పేమన్ ప్రయోగశాలలోని ఒట్టో మాంగోల్ట్‌ను వివాహమాడి యుండెను. 1924లో ప్రయోగ ఫలితములు అచ్చయ్యెను. వ్యాసముపై స్పేమన్ పేరు ముందును, హిల్డె మాంగోల్ట్ పేరు వెనుకను ఉండెను. తోటి విద్యార్థులు తమ పరిశోధనావ్యాసములను తమ పేర్లతోనే ప్రకటించుకొనుచుండగా, తనదానిపై గురువు పేరు, అందును ముందుగా నుండుట ఆమెకు నొప్పి కలిగించెనని ఆమె సహాధ్యాయి విక్టర్ హాంబుర్గర్ తరువాత తెలిపెను. ఆలోచన గురువుది, హస్తము శిష్యురాలిది. ఆలోచన లేనిదే హస్తము ఏమి చేయును అని వాదించువా రున్నారు. కాని ఆ రెండు వసంతములు సూక్ష్మదర్శినిపై వంగి కూర్చున్నది ఆమె. పేర్ల వరుస తలక్రిందులై యుండవలసినదని మే మనుకొందుము.

వ్యాసము లోకమున ప్రసిద్ధమగుటను ఆమె చూడలేదు. భర్తకు బెర్లిన్‌లో ఉద్యోగమగుటచే పసిబిడ్డతో వారు అచ్చటకు తరలిరి. ఇంటిలోని పొయ్యి మండిపడి ఆమె కొంగున నిప్పంటుకొని, ఆ కాలిన గాయములతో 1924 సెప్టెంబరు 4వ తేదీన ఆమె మరణించెను. అప్పటికి ఆమెకు ఇరువదియారేండ్లు నిండలేదు.

1935లో స్పేమన్‌కు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. వ్యవస్థాపకపు ప్రభావమును కనుగొన్నందులకు ఆ బహుమానము. హిల్డె మరణించి అప్పటికి పదునొకండేండ్లు. ఆ సంవత్సరమే ఆయన ఉద్యోగమునుండి విరమించెను. జర్మనీ అప్పటికి హిట్లరు పాలనలో నున్నది. యూదుడగు హాంబుర్గర్ 1933లో అమెరికాలో పరిశోధన చేయుచుండగా, యూదులను ఉద్యోగములనుండి తొలగించు చట్టమువలన ఫ్రైబుర్గ్ ఉద్యోగమును కోల్పోయెను. ఆయన అచ్చటనే నిలిచి నాడీపిండశాస్త్రమున గొప్పవాడయ్యెను. హిల్డెను గూర్చి లోకమునకు తెలిసినది చాలవరకు ఆయన వ్రాసిన స్మృతులవలననే.

నోబెల్ బహుమానము రాకముందే స్పేమన్ సిద్ధాంతమునకు ఒక సంకటము తటస్థించెను. వ్యవస్థాపకము పొరుగు కణములకు చెప్పు మాట ఏ రూపమున నుండును? ప్రాణమున్న కణము మాత్రమే చెప్పగలదని తలంచిరి. 1932లో ఆయనయు, ఆయన శిష్యులును చంపిన వ్యవస్థాపకమును నాటి చూచిరి. అదియు పనిచేసెను! అట్లయిన అది ఏదో రసాయన పదార్థమే యనుకొని, నానాదేశముల వారు దానికై వేట మొదలిడిరి. దొరకిన వన్నియు పనిచేయ నారంభించెను. ఇతర ప్రాణుల అవయవముల సారములు పనిచేసినవి. రంగువేయు ద్రవ్యమగు మిథిలీన్ బ్లూ సైతము పనిచేసెను. అన్ని తాళపుచెవులకును తెరచుకొను తాళమువంటి దీ సమస్య. విసిగినవారు ఒక్కరొక్కరుగా వేరు పనులకు పోయిరి. ఈ ప్రశ్న సుమారు అరువది యేండ్లు చీకటిలో మిగిలెను. స్పేమన్ స్వయముగా చివరి దినములలో పిండవికాసమును మనస్సు యొక్క వ్యాపారములతో పోల్చుటకు మొగ్గెను. ఆ పోలిక ఎవరికిని దారి చూపలేదు.

ఆయన వదలిన ఇంకొక ఆలోచన మాత్రము గొప్ప దారి చూపెను. 1933లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఆయన చేసిన ఉపన్యాసములు 1938లో గ్రంథముగా వెలువడెను. అందు ఆయన ఒక ప్రయోగమును ఊహించెను. వయస్సు చెల్లిన కణమునుండి కేంద్రకమును తీసి, కేంద్రకము లేని గ్రుడ్డులో పెట్టినచో ఏమగును? అట్టి ప్రయోగము వింతగా తోచునని ఆయనయే ఒప్పుకొనెను. దానిని చేయు సాధనము ఆయన యొద్ద లేదు. 1941 సెప్టెంబరులో, రెండవ ప్రపంచయుద్ధకాలమున, ఫ్రైబుర్గ్ సమీపమున తన ఇంట ఆయన మరణించెను. వయస్సు డెబ్బదిరెండు. ఆయన స్వీయచరిత్ర మరణానంతరము 1943లో ప్రకటింపబడెను.

ఊహించిన ప్రయోగమును 1952లో అమెరికాలో బ్రిగ్స్, కింగ్ అను నిరువురు కప్పపిండపు కేంద్రకములతో చేసి చూపిరి. 1962లో ఇంగ్లండులో జాన్ గర్డన్ తోకకప్ప ప్రేగుకణపు కేంద్రకమునుండి సజీవమైన కప్పను పుట్టించినట్లు ప్రకటించెను. 1996లో డాలీ అను గొఱ్ఱెపిల్ల పుట్టినది ఈ మార్గముననే. 2006లో జపానులో షిన్యా యమనక, గ్రుడ్డు సాయము లేకయే, నాలుగు జన్యువుల బలముతో ఎలుక చర్మకణములను మూలకణములుగా వెనుకకు మరలించెను. మరుసటి యేట మనుష్యుల చర్మకణములతోను అది సాధ్యమయ్యెను. గర్డన్, యమనకలకు 2012లో నోబెల్ బహుమానము వచ్చినది.

వెనుకకు మరలించిన కణమును మరల ముందుకు నడిపించుట ఎట్లు? ఇచ్చట పాత చిక్కు విడిపోయెను. 1992లో నాగిన్ అనియు, 1994లో కార్డిన్ అనియు, వ్యవస్థాపకము స్రవించు మాంసకృత్తులను అమెరికాలో కనుగొనిరి. వీని పని విచిత్రమైనది. పిండమునందలి పై కణములు తమంతట తాము నాడీకణములగుటకే మొగ్గియుండును. బీఎంపీ అను మరియొక మాంసకృత్తు చర్మమగుడని వానికి నిరంతరము ఆజ్ఞాపించుచుండును. నాగిన్, కార్డిన్‌లు ఆ బీఎంపీని పట్టుకొని దాని నోరు మూయించును. అనగా వ్యవస్థాపకము మెదడు కమ్మని ఆజ్ఞ యిచ్చుట లేదు. చర్మము కమ్మను ఆజ్ఞను వినబడనీయకున్నది. చంపిన కణములును, రంగుద్రవ్యములును పనిచేసిన రహస్యము చాలవర కిందే యున్నది. ఇది తలుపు తెరచుట కాదు, తలుపును పట్టియుంచిన చేతిని తప్పించుట. అది అనేకవిధములుగ జరుగవచ్చును.

నేడు మానవ మూలకణములను పళ్ళెములో నాడీకణములుగా మార్చునపుడు నాగిన్‌నో, అదే పని చేయు రసాయనమునో పోయుచున్నారు. ఆక్టివిన్ అను పదార్థమును ఒక మోతాదులో నిచ్చి, ఆపై మరికొన్ని మెట్లు ఎక్కించి, ఇన్సులిన్ నిచ్చు కణములను పొందుచున్నారు. మోతాదు మారినచో కణపు గతియు మారును. దినములు తప్పినను తప్పును. స్పేమన్ చూచిన ఆ కొన్ని గంటల భేదము పళ్ళెములోను వర్తించును. పెరిగిన వానిలో కొన్ని అనుకొన్న కణములు కాక పోవుటయు, కొన్ని మితిమీరి పెరిగి గడ్డలగు ప్రమాదమును నేటికిని ఉన్నవి. కనుకనే ఎల్ల జబ్బులకును మూలకణముల చికిత్స సిద్ధముగా నున్నదని ప్రకటనలు చేయువారి మాటలను తల్లిదండ్రులు నమ్మరాదు. రుజువైన చికిత్సలు కొన్నియే. మన హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థవారు ఈ శతాబ్దారంభమునుండి, సున్నము మొదలగువానివలన కాలిన కన్నులకు, నల్లగ్రుడ్డు అంచునందలి మూలకణములను ప్రయోగశాలలో పొరగా పెంచి అతుకుచున్నారు. అట్టి వానిని తగిన వైద్యుల ద్వారా మాత్రమే విచారింపవలెను.

కార్డిన్‌ను కనుగొన్నవారిలో నొకడగు యోషికి ససాయి స్వదేశమగు జపానునకు మరలి, 2011లో ఎలుక మూలకణముల ముద్దను పోషకద్రవములో తేలనిచ్చెను. కొన్ని దినములకు ఆ ముద్దనుండి ఒక బుడగ పొడుచుకొని వచ్చి, దాని ముఖము లోపలికి మడిగి గిన్నెయయ్యెను. స్పేమన్ 1901లో కాలిన సూదితో పొడిచినది పిండమునందలి ఇట్టి గిన్నెనే. ససాయి పళ్ళెములో చుట్టును పిండము లేదు, చర్మము లేదు, కటకమును లేదు. ముద్దయందలి కణములే ఒకదాని కొకటి ఇరుగుపొరుగై ఆ కంటిగిన్నెను కట్టుకొన్నవి. 

1921 వసంతమున హిల్డె గాజుసూదితో తీసి నాటిన ఆ పై పెదవిని పిండశాస్త్ర గ్రంథములలో చిరకాలము స్పేమన్ వ్యవస్థాపకము అనియే వ్రాసిరి. ఇటీవలి గ్రంథములు పెక్కింట అది స్పేమన్–మాంగోల్ట్ వ్యవస్థాపకము అని కానవచ్చుచున్నది.